కుదపరాని మందు

జలపతి గొంతు కోరుట్లలో ఒక వాడకంతా తెలుసు. పెద్దబిడ్డ స్వర్ణలత ఇంటికి వెళ్ళి "కొన్ని మంచినీళ్ళియ్యి బిడ్డా" అన్నాడంటే, పక్కింటివాళ్ళు కొట్లాటేమో అనుకొని తలుపు తీసి చూసేవారు. అందులో ఆయన తప్పేమీ లేదు. సిరిసిల్లలో ఇంటి వెనకాలే ఆరు సాంచాలు పెట్టుకొని ముప్పై ఏళ్ళు బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎక్కణ్ణుంచి వస్తుంది? సాంచా అంటే మరమగ్గం. ఒక్కటి నడిస్తేనే పక్కవాడి మాట వినబడదు, ఆరు నడిస్తే ఇక అంతా సైగలే. భార్య లసుమవ్వ అన్నానికి పిలవాలంటే నోటి దగ్గర చేత్తో ముద్ద చూపిస్తుంది. రెండోసారి పిలవాల్సి వస్తే అదే ముద్దను నేలకేసి కొట్టినట్టు చూపిస్తుంది.

ఆ చప్పుడు ఆయనకు చప్పుడే కాదు. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటే "ఏమైంది, చెవుల పోటా?" అని నిజంగానే అడిగేవాడు. చుట్టాలు నవ్వేవారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. తర్వాత జరిగిందంతా దీంట్లోంచే వచ్చింది.

చిన్నబిడ్డ రచన పుట్టినప్పుడు షెడ్డులోనే, రెండు సాంచాల నడుమ, దూలానికి చీర ఉయ్యాల కట్టారు. పనిలో ఉన్న తల్లికి అదే వీలు. కరెంటు పోయి సాంచాలు ఆగితే పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. కరెంటు వచ్చి అవి మళ్ళీ నడిస్తే కళ్ళు మూసుకునేది. లోకంలో పిల్లలందరూ చప్పుడుకు లేస్తారు, మా పిల్ల చప్పుడు పోతే లేస్తుందని జలపతి గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళప్పుడు, డిగ్రీ పూర్తయిన ఎండాకాలంలో, జబ్బు మొదలైంది. ముందు చెంపలు రెండూ ఎర్రబడ్డాయి. ఎండ అనుకున్నారు. మోకాళ్ళు వాచాయి. నడక అనుకున్నారు. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవైపోతుంటే, అప్పుడు భయపడి జగిత్యాల తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. పరీక్షలన్నీ చేయించి, లూపస్ అని పేరు చెప్పింది. ఒంటికి కాపలా ఉండాల్సిన తెల్లకణాలే సొంత ఒంటిని పరాయిదనుకొని మీద పడతాయట. రచన విషయంలో అవి మూత్రపిండాల మీద పడ్డాయి.

"ఇంట్ల దొంగలు వడ్డట్టు గాదు, కావలోడే దొంగైనట్టు" అంది లసుమవ్వ. అని, బస్టాండు దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఏడాది పాటు మామూలు మందులు వాడారు. తగ్గినట్టే తగ్గేది, మళ్ళీ తిరగబెట్టేది. అప్పుడు డాక్టరమ్మ ఒక కొత్త మందు సంగతి చెప్పింది. హైదరాబాదులో పరిశోధకులు తయారు చేస్తున్నారు, ఇంకా బజారుకు రాలేదు, ఒప్పుకున్న కొద్దిమంది రోగులకే ఇస్తున్నారు. వారానికో సూది, పొట్ట చర్మం కింద. నేర్చుకుంటే ఇంట్లోనే వేసుకోవచ్చు.

జలపతికి ముందు నమ్మకం కుదరలేదు. ఒప్పుదల కాగితం ముందు పెట్టుకొని పెన్ను చేతిలో తిప్పుతూ కూర్చుంటే, బిడ్డే ఆయన పక్కకు జరిగింది.

"బాపూ, ఉత్త నూలు ఇసిరేస్తే పడుగు నడుమకెల్లి ఆ దరికి పోతదా?"

"ఎట్ల పోతది? ఆడ్నే చిక్కువడ్తది."

"అందుకే గదా నువ్వు నూలును కండెకు చుట్టి, కండెను నాడెల పెట్టి కొడ్తవు. మందు సుత గంతే. ఉత్తగ ఇస్తే ఒళ్ళంత తిరుగుతది, అక్కెర లేని కాడ పని జేస్తది. అందుకని వీళ్ళు కొవ్వుతోని నాడె అసుంటి బుడగ జేసిండ్రు. ఎంత చిన్నదంటే, కంటికి ఆనది. గా బుడగ తెల్లకణాన్ని పట్టుకొని దాని లోపలికి పోతది. పోయినంక మందు ఇడుస్తది. గప్పుడు ఆ కణం నిమ్మలపడ్తది, నా మీద పడుడు ఇడిసిపెడ్తది."

"మరి నడుమల్ల నాడె పలిగితే?" పడుగులో అటూ ఇటూ పోగు మోసే ఆ కొయ్య పలగడం ఆయనకు తెలిసిందే.

"పలుగది తీ. మంచిగ చూసుకుంటే ఎందుకు పలుగుతది?"

ముప్పై ఏళ్ళలో తనకు అర్థమైన మొట్టమొదటి డాక్టరు మాట అది. జలపతి సంతకం పెట్టాడు.

మందుతో పాటు ఒక కాగితం ఇచ్చారు. తెలుగులోనే ఉంది, పెద్ద అక్షరాలు. చల్లగా ఉంచాలి. గడ్డకట్టనీయరాదు. కుదపరాదు. ఈ మూడు ముక్కలనూ జలపతి మంత్రంలా వల్లె వేసుకున్నాడు. మందు సంగతులన్నీ చూసే నర్సు జేబా, జగిత్యాల అమ్మాయే, ఆయన వల్లింపు విని నవ్వింది. "కాకా, నా పేషెంట్లల్ల ఎవ్వలు గింత చదువలే" అంది.

మొదటి రెండు నెలలు రచన కోరుట్లలో అక్క ఇంట్లో ఉంది. జగిత్యాల దగ్గర, ప్రతి వారం రక్తపరీక్షకు వెళ్ళి రావచ్చు. స్వర్ణలత ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేసి మందు పెట్టింది. మూడో వారానికి మోకాళ్ళ వాపు తీసింది. ఆరో వారానికి ముఖం తన ముఖంలా అయింది. మూత్రంలో పోయే ప్రొటీను సగానికి సగం తగ్గిందని డాక్టరమ్మ చెప్పిన రోజు, జలపతి ఫోనులో అరిచిన అరుపుకు షెడ్డులో పనివాళ్ళు కరెంటు తీగ తెగిందనుకొని పరుగెత్తుకొచ్చారు.

అంతా బాగుంది, ఒక్క నిద్ర తప్ప. అక్క ఇల్లు సందు చివర, చుట్టూ చీమ చిటుక్కుమనదు. రచనకు ఆ నిశ్శబ్దంలో కన్ను మూతపడలేదు. మధ్యాహ్నం పడుకునే ముందు ఫోను చేసేది.

"బాపూ, ఫోను సాంచాల కాడ పెట్టు."

ఆయన ఫోనును కండెల పెట్టె మీద పెట్టి తన పనిలో పడేవాడు. ఓ గంటకు వచ్చి చెవికి ఆనించుకొని "బిడ్డా" అంటే అవతల సన్నగా గురక. ఎంత ముద్దొచ్చేదో ఆయనకు. ఆ గురక సరిగ్గా వినాలంటే సాంచాలు ఆపాల్సి వచ్చేది, ఆపితే పిల్ల లేచేది. ఆ చిక్కు ఆయన ఎన్నడూ తీర్చుకోలేకపోయాడు.

"నేను ఇంటికొస్త బాపూ. ఈడ నిద్ర వడ్తలేదు" అందొక రోజు. అంతే. ఇంటికి తీసుకురావాలని ఆయన మనసు అంతకుముందే కొట్టుకుంటోంది. డాక్టరమ్మ ఆలోచించి, నెలకోసారి పరీక్షకు వస్తే చాలు, అయితే ముందు జేబా వెళ్ళి ఇల్లు చూసి రావాలి అంది.

జలపతి ఏర్పాట్లు చూడాలి! ఇంట్లోని కరెంటు ఎక్కువ తక్కువలు అవుతుంది, పోతూ వస్తూ ఉంటుంది. షెడ్డుకు వచ్చే లైను వేరు, గట్టిది. అందుకని వంటింట్లో ఉన్న ఫ్రిజ్‌ను ఎత్తించి షెడ్డు పక్క గదిలోకి మార్చాడు. షెడ్డు గోడకు ఆనించి, షెడ్డు లైనే కలిపి, కొత్త స్టెబిలైజరు పెట్టించాడు. నేల వాలుగా ఉందేమోనని గోళీ వదిలి చూశాడు. లోపల కూరగాయలు కూడా పెట్టనీయలేదు. లసుమవ్వ పెరుగు గిన్నె పెట్టబోతే, "అది నా బిడ్డ పానం ఉండే జాగ" అని గిన్నె బయటపెట్టాడు.

ఇల్లు చూడటానికి ఏ రోజు రమ్మంటారని జేబా ఫోనులో అడిగింది. జలపతి క్యాలెండరు చూసి అమావాస్య నాడు రమ్మన్నాడు. తాత నాటి చేతిమగ్గం కాలం నుంచి ఆ ఇంట్లో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఊళ్ళో చాలామంది ఆ పట్టింపు వదిలేశారు కానీ జలపతి వదల్లేదు. ఆ రోజైతే తీరికగా ఉంటాడు, వచ్చిన పిల్లకు దగ్గరుండి అన్నీ చూపించవచ్చు, మాట కూడా వినబడుతుంది.

జేబా వచ్చింది. ఇల్లు నిమ్మళంగా ఉంది. ఫ్రిజ్ తెరిచి లోపలి థర్మామీటరు చూసింది, నాలుగు డిగ్రీలు. స్టెబిలైజరు చూసింది, ఫ్రిజ్ తాళం చూసింది. షెడ్డులోకి తొంగిచూసి, ఆగి ఉన్న ఆరు సాంచాలను చూసి, "గివి బాగ చప్పుడు జేస్తయా కాకా?" అని అడిగింది.

"చప్పుడా? ఏం జెయ్యయమ్మా" అన్నాడు జలపతి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

జేబా తన కాగితం మీద అన్ని గడులలో టిక్కులు పెట్టుకొని, చాయ్ తాగి, జగిత్యాల బస్సెక్కింది.

రచననూ, మందు పెట్టెనూ తీసుకురావడానికి ఆయన కోరుట్ల వెళ్ళాడు. తిరుగు బస్సులో కూర్చున్నాక పెట్టెను ఒళ్ళో పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుంటే బస్సు కుదుపంతా పెట్టెకు తగులుతుందని రెండు చేతులూ చాచి గాలిలో ఎత్తి పట్టుకున్నాడు. రుద్రంగి దాటింది. చందుర్తి దాటింది. గుంత వచ్చినప్పుడల్లా మోచేతులు వంచి, పురిటిబిడ్డను పట్టుకున్నట్టు కుదుపును తనలోకి తీసుకున్నాడు. "నాకియ్యి బాపూ, జెర సేపు" అని రచన చేతులు చాపితే ఇవ్వలేదు. "డ్రైవరన్నా, జెర నిమ్మలంగ పోనియ్యి, పెట్టెల మందున్నది" అని ఆయన అరిచిన అరుపుకు బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఇంటికి చేరాక రెండు రోజులు భుజాలు లేవలేదు. లసుమవ్వ నూనె రాస్తూ తిట్టింది, తిడుతూ నవ్వింది.

ఇంటికి వచ్చిన రోజు రచన మధ్యాహ్నం రెండింటికి పడుకొని రాత్రి సాంచాలు ఆగేదాకా లేవలేదు. ఆ గదిలోనే, ఫ్రిజ్‌కు ఎదురుగా, షెడ్డు గోడ పక్కనే ఆమె మంచం. బిడ్డ నిద్ర చూసి తల్లీ తండ్రీ మురిసిపోయారు. ప్రతి మంగళవారం ఆమె స్నానం చేసి, ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి, వెలుతురుకు పట్టి చూసేది. పలచని పాలలా ఉండాలని కాగితంలో ఉంది. అలాగే ఉండేది. పొట్ట మీద చర్మం పట్టుకొని తనే సూది వేసుకునేది. జలపతి అటు తిరిగి నిలబడేవాడు, సూదంటే ఆయనకు కళ్ళు తిరుగుతాయి.

నాలుగో వారానికి ముఖం కొంచెం ఉబ్బింది. ఇన్నాళ్ళ నిద్ర బాకీ తీరుతోంది, అది నిద్రముఖం అనుకున్నారు. దేవుడా, ఎంత సులువుగా అనుకున్నారు! నెల పరీక్షలో ప్రొటీను పెరిగింది. ఈ జబ్బులో పైకీ కిందికీ మామూలే, ఆపొద్దు అంది డాక్టరమ్మ. రెండో నెల మందు తెచ్చుకున్నారు. మళ్ళీ అలాగే చేతులు చాచి తెచ్చాడు. రెండో నెల చివర రచన కాళ్ళను వేలితో నొక్కితే పడ్డ గుంత అలాగే ఉండసాగింది.

ఆ వారం జేబా ఎవరికీ చెప్పకుండా సిరిసిల్ల వచ్చింది. గురువారం, పట్టపగలు. ఆరు సాంచాలూ నడుస్తున్నాయి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె చున్నీ అంచు చెవులకు అడ్డం పెట్టుకుంది. జలపతి ఆమె నోరు కదలడం చూసి మాట అర్థం చేసుకొని, గదిలోకి తీసుకెళ్ళాడు. రచన నిద్రపోతోంది.

జేబా ఫ్రిజ్ తెరిచింది. నాలుగు డిగ్రీలు. స్టీలు పళ్ళెంలో సీసాలు నిలబెట్టి ఉన్నాయి. వాటిని తీయబోయి ఆగిపోయింది. చాలాసేపు చూసింది. తర్వాత జలపతి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"కాకా, గివి ఊగుతున్నయ్!"

"ఏడ?"

"గివి, సీసాలు!"

జలపతి వంగి చూశాడు. ఎప్పుడూ ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. "ఊగుతలెవ్వు గదమ్మా" అన్నాడు.

ఆమె ఫ్రిజ్ మీద ఉన్న నీళ్ళ గ్లాసు చూపించింది. నీటి మీద సన్నని గుండ్రాలు ఒకదాని వెంట ఒకటి అంచుకు పరుగెడుతున్నాయి. జలపతికి ఆమె ఏం చూపిస్తోందో అర్థం కాలేదు. ఆ ఇంట్లో గ్లాసులో నీళ్ళు ముప్పై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. నీళ్ళంటే అలాగే ఉంటాయి.

జేబా ఆయన చెయ్యి పట్టుకొని అరచేతిని ఫ్రిజ్ తలుపుకు ఆనించి నొక్కింది.

"ఏమన్న తెలుస్తుందా?"

ఆయన శ్రద్ధగా, పరీక్ష రాసే పిల్లవాడిలా, కళ్ళు మూసుకొని చూశాడు. "సల్లగున్నది" అన్నాడు.

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్కసారి సాంచాలు బంద్ చెయ్యి కాకా" అని సైగ చేసింది.

ఆయన వెళ్ళి ఒక్కొక్కటే ఆపి, వచ్చి, ఆమె చెప్పకుండానే అదే చోట అరచెయ్యి పెట్టాడు. అప్పుడు తెలిసింది. చేతి కింది తలుపు చచ్చినట్టు పడి ఉంది. గోడ పడి ఉంది. కాలి కింద నేల పడి ఉంది. ఇప్పుడు లేనిదేదో ఇంతసేపూ ఉంది, రోజుకు పన్నెండు గంటలు, రెండు నెలలు ఉంది. మంచం మీద రచన ఉలిక్కిపడి లేచి "కరెంటు వోయిందా బాపూ?" అని అడిగింది.

"అవ్ బిడ్డా. పండుకో" అన్నాడు.

బయటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "బస్సుల చేతులు నొయ్యంగ పట్టుకొచ్చిన గదమ్మా" అన్నాడు. "భూమికి సుత తాకనియ్యలే గదా."

"తప్పు నాది సుత ఉన్నది కాకా" అంది జేబా. "అమాస నాడొచ్చి చూసిన. గోడ అవతల ఏమున్నదో చూసి సుత కుదుపు సంగతి అడుగలే."

ఆమె సీసాలు హైదరాబాదుకు పట్టుకెళ్ళింది. వారానికి కబురు వచ్చింది. కుదుపుకు బుడగలు ఒకదానికొకటి అంటుకొని చితికిపోయాయి, లోపలి మందు బయటికి కారిపోయింది. పైకి చూస్తే పలచని పాలలాగే ఉంటుంది, కంటికి తేడా తెలియదు. అంటే బిడ్డ వారం వారం శుభ్రంగా స్నానం చేసి, పలిగిన నాడెలను పొట్టలోకి గుచ్చుకుంది. ఆ మాట జలపతికి ఎవరూ అలా చెప్పలేదు, ఆయనే అనుకున్నాడు.

కొత్త సీసాలు ఇస్తామన్నారు. కానీ అప్పటికి మూత్రపిండాలు బాగా చెడ్డాయి, ముందు జబ్బును గట్టి మందులతో అణచాలన్నారు. హైదరాబాదులో ఐదు వారాలు ఉంచారు. ఆ మందులకు కాపలా కణాలన్నీ మంచివీ చెడ్డవీ అని చూడకుండా పడిపోయాయి. అదను చూసి ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరింది. చివరికి జగిత్యాల డాక్టరమ్మే వచ్చి, జలపతిని పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసింది. ఇంటికి తీసుకెళ్ళండి, ఆమె ఇంటికి పోతానంటోంది అని చెప్పింది. జలపతి తల ఊపాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వచ్చింది. "సరే అమ్మా" అన్నాడు, ఆమెకు వినబడక మళ్ళీ అడిగింది.

ఇంట్లో సాంచాలు ఆ గురువారం ఆగినవి ఆగినట్టే ఉన్నాయి. పనివాళ్ళను వేరే షెడ్లకు పొమ్మన్నాడు. సగం నేసిన బట్ట దుమ్ము పట్టింది. రచనను అదే గదిలో, అదే మంచం మీద పడుకోబెట్టారు. ఫ్రిజ్ తీసేయించాడు, గోడకు దాని గుర్తు మాత్రం మిగిలింది. కోరుట్ల నుంచి స్వర్ణలత వచ్చింది. అందరూ గుసగుసగా మాట్లాడుకునేవారు. బిడ్డ ముందర మందు పడలేదన్నారే తప్ప ఎవరూ ఫ్రిజ్ మాట ఎత్తలేదు.

మూడు రోజులు రచన నిద్రపోలేదు. కళ్ళు మూస్తుంది, తెరుస్తుంది. నాలుగో రోజు మధ్యాహ్నం తండ్రి తలాపున కూర్చొని ఉంటే పిలిచింది.

"బాపూ."

"చెప్పు బిడ్డా."

"సాంచాలు నడిపియ్యి."

"వద్దు బిడ్డా. కరెంటు లేదు."

"పైన ఫ్యాను తిరుగుతున్నది."

ఆయన ఫ్యాను వైపు చూశాడు. ఆమె ఊపిరి కూడదీసుకోవడానికి కొంతసేపు పట్టింది.

"ఫ్రిజ్ సంగతి నాకెరుకే బాపూ. ఆనాడు మీరు అరుగు మీద మాట్లాడుకున్నది ఇన్న. నేను సుత డిగ్రీ చదివిన్నాయె. గోడకు ఆనుకొని పండుకున్న. నాకు సుత తెలువలే గదా."

జలపతి ఏడ్చాడు. ఇన్ని రోజులుగా ఏడవనిదంతా ఏడ్చాడు. మంచం పట్టెకు తల ఆనించి, "నేనే బిడ్డా, నా చేతులతోనే" అన్నాడు. ఆమె చెయ్యి లేవలేదు, వేళ్ళు మాత్రం ఆయన జుట్టులోకి వచ్చాయి.

"నిద్రస్తలేదు బాపూ" అంది. "నడిపియ్యి."

లసుమవ్వ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చెయ్యెత్తి, షెడ్డు వైపు చూపించింది.

జలపతి లేచాడు. స్విచ్చు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మొదటి సాంచా నడిపించాడు. రెండోది, మూడోది. దుమ్ము లేచింది. తెగిన పోగులు అతుకుతూ, కండెలు మార్చుకుంటూ ఆరింటినీ నడిపించి తిరిగి గదిలోకి వచ్చాడు.

రచన కళ్ళు మూసుకొని ఉంది. పెదవుల దగ్గర ముడి విడిపోయింది. చిన్నగా గురక వస్తూ ఉండాలి, ఆ చప్పుడులో వినబడదు. జలపతి తలాపున కూర్చొని మంచం కోడు పట్టుకున్నాడు. కోడు వణుకుతోంది. నేల వణుకుతోంది. నీళ్ళ గ్లాసులో గుండ్రాలు పరుగెడుతున్నాయి. ఇప్పుడు ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి, చేతికీ, కాలికీ, పళ్ళకూ. లేచి పోలేడు. ఆపలేడు, ఆపితే బిడ్డ లేస్తుంది.

పొద్దుగూకేదాకా ఆయన ఆ కోడు వదలకుండా అలాగే కూర్చున్నాడు.